అడవి ఉండగా తోట ఎందుకు?

హైదరాబాదులోని కొత్తగూడ బొటానికల్ గార్డెన్ గేటు దాటినవారిలో చాలామందికి ఒక సందేహం వస్తుంది. చుట్టూ ఉన్నది రిజర్వు ఫారెస్టు. అందులో వేప, మోదుగ, రేల వాటంతటవే పెరుగుతున్నాయి. అలాంటప్పుడు పక్కనే పాదులు తీసి, పేర్ల పలకలు పాతి, చెట్లను మళ్లీ వరసగా నాటడం దేనికి? అడవిని కాపాడితే చెట్లన్నీ అందులోనే ఉంటాయి కదా?

సందేహం న్యాయమైనదే. జవాబు మాత్రం ఒక్క కొత్తగూడలో దొరకదు. అక్కడి నుంచి ముంబై రహదారి ఎక్కి పటాన్‌చెరు, సంగారెడ్డి మీదుగా మంజీర ఒడ్డుకు చేరితే, సుమారు 50 కిలోమీటర్ల దారిలో మొక్కలను కాపాడే నాలుగు పద్ధతులు ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. అడవి, పేర్ల పలకలున్న తోట, గింజలను దాచే చల్లని గది, అంటుమామిడి తోట. మధ్యలో మందుల ఫ్యాక్టరీలు, ఉక్కు కార్ఖానాలు, ఆగకుండా సాగే లారీల బారు. ఈ నాలుగింటిలో ఏది ఏ పని చేస్తుందో, ఏది ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలిస్తే మొదటి ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది.

ఉన్నచోటనే రక్షణ

దక్కన్ పీఠభూమి మీద ఉన్నది ఆకురాల్చే పొడి అడవి. పటాన్‌చెరు ప్రాంతంలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దానిలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. మిగిలిన నెలలు చెట్టు నేలలోని తడిని పొదుపుగా వాడుకోవాలి. ఆకు ఉన్నంతసేపూ దాని రంధ్రాల గుండా నీరు ఆవిరై పోతూనే ఉంటుంది. అందుకే చలి తగ్గగానే చెట్లు ఆకు రాలుస్తాయి. ఫిబ్రవరి చివర ఈ అడవిని చూసినవారికి అది చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మోదుగ పూస్తుంది. ఆకు అడ్డం లేని కొమ్మల మీద నారింజ రంగు పూలు పక్షులకు దూరం నుంచే కనిపిస్తాయి. తేనెపిట్టలు, గోరింకలు పూల మీద వాలి తేనె తాగుతూ పుప్పొడిని ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు చేరవేస్తాయి.

అంతకన్నా వింతైనది ఇంకొకటి ఉంది. ఈ అడవిలో చాలా చెట్లు వానల కోసం ఆగకుండా ఏప్రిల్, మే ఎండల్లోనే చిగురిస్తాయి. నీటికి అంత కరువున్న రోజుల్లో లేత ఆకు తొడగడం పైకి తెలివితక్కువతనంలా ఉంటుంది. కానీ ఆకు తినే పురుగులు పెద్ద సంఖ్యలో పుట్టుకొచ్చేది తొలకరి తర్వాత. అప్పటికి ఈ ఆకులు ముదిరి గట్టిపడతాయి. పైగా మొదటి వాన పడిన రోజునే ఆకు తయారుగా ఉంటుంది కాబట్టి నాలుగు నెలల వానాకాలంలో ఒక్క వారం కూడా వృథా కాదు. కాండంలో, లోతు వేళ్ల దగ్గర మిగిలిన తడిని చెట్టు ఈ పనికి ఖర్చు పెడుతుంది.

ఇలాంటి ఏర్పాట్లను ఎవరూ రాసి పెట్టలేదు. వేల తరాలపాటు కొన్ని మొక్కలు బతికి, కొన్ని చచ్చి, ఆ లెక్క విత్తనాల్లో మిగిలింది. అడవిలో అది ఇప్పటికీ సాగుతూనే ఉంది. నక్క రేగుపండ్లు తిని గింజలను దూరంగా వదులుతుంది. పిగిలిపిట్ట వేపపండు మింగి మరో చెట్టు కింద గింజ రాలుస్తుంది. నేలలోని బూజు పోగులు చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని భాస్వరం అందిస్తాయి, బదులుగా చక్కెర తీసుకుంటాయి. చెదలు ఎండుకట్టెను మట్టి చేస్తాయి. ఏటా వేల మొలకలు వస్తాయి, వాటిలో ఎండకు, మేకలకు, బూజులకు తట్టుకున్న కొన్నే నిలుస్తాయి. అడవిని కాపాడడమంటే ఈ వడపోతను కాపాడడం. శాస్త్రజ్ఞులు దీన్ని ఇన్ సిటు కన్సర్వేషన్ అంటారు. తెలుగులో ఉన్నచోటనే రక్షణ అనుకోవచ్చు.

దీని బలహీనత విస్తీర్ణంలో ఉంది. కొత్తగూడ తోట, దాని అడవి కలిసి 270 ఎకరాల పైచిలుకు. చుట్టూ అద్దాల మేడలు. ఇలా నగరం మధ్య చిక్కుకున్న అడవి సముద్రంలోని దీవితో సమానం. దీవుల మీద ఎన్ని జాతులు నిలుస్తాయన్న లెక్కను 1967లో రాబర్ట్ మాక్‌ఆర్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఒక గ్రంథంగా తెచ్చారు. దాని నుంచి వచ్చిన మోటు లెక్క ఇది: విస్తీర్ణం పదో వంతుకు కుదిస్తే జాతులు దాదాపు సగానికి తగ్గుతాయి. పైగా చిన్న అడవికి అంచు ఎక్కువ. అంచు నుంచి వేడిగాలి, దుమ్ము, రాత్రి దీపాల వెలుగు, లంటానా కంప లోపలికి వస్తాయి. ముక్క ఎంత చిన్నదైతే ఆ అంచు అంత ఎక్కువ భాగాన్ని ఆక్రమిస్తుంది.

ఈ నష్టం వెంటనే కనిపించకపోవడం మరో చిక్కు. జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం దాదాపు 390 ఎకరాలు. అక్కడ 600 పైచిలుకు మొక్క జాతులు నమోదయ్యాయి. ఆ అంకె చూసి సంతోషించవచ్చు. అయితే చెట్టు వందేళ్లు బతుకుతుంది. దాని గింజలు మోసే జంతువు ముప్పై ఏళ్ల కిందటే అక్కడి నుంచి మాయమై ఉంటే, పెద్ద చెట్టు ఉంటుంది గాని కింద పిల్లచెట్టు ఉండదు. జాబితాలో ఆ జాతి ఇంకా ఉన్నట్టే. నిజానికి దాని పతనం ఖాయమైపోయింది, గడువు మాత్రం మిగిలింది. జీవావరణ శాస్త్రం దీన్ని ఎక్స్‌టింక్షన్ డెట్ అంటుంది, అంటే జాతినాశనపు బాకీ. కాబట్టి ఏదైనా వనానికి వెళ్లినప్పుడు పెద్ద చెట్లను లెక్కించడం కన్నా మోకాలెత్తు మొక్కలు ఏ జాతివో చూడడం మేలు. అడవి ఆరోగ్యం అక్కడ తెలుస్తుంది.

పేరు పలక వెనక పని

పార్కుకు, బొటానికల్ గార్డెన్‌కు తేడా అందంలో ఉండదు, చిట్టాలో ఉంటుంది. వృక్షశాస్త్ర తోటలో ప్రతి మొక్కకూ ఒక నమోదు ఉండాలి. ఏ జాతి, ఎక్కడి నుంచి తెచ్చారు, ఎప్పుడు నాటారు, ఏ నెలలో పూసింది. ఈ పద్ధతి యూరప్‌లో వైద్య విద్యార్థుల కోసం మొదలైంది. ఇటలీలోని పాదువాలో 1545లో వేసిన తోట నేటికీ అదే చోట ఉంది. మందుమొక్కను, దాన్ని పోలిన విషపు మొక్కను విద్యార్థి పక్కపక్కన చూసి గుర్తుపట్టాలన్నది అప్పటి ఉద్దేశం.

తెలుగు నేలకూ ఈ చరిత్రలో ముందు వరసలోనే చోటుంది. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా చేరిన స్కాట్లండువాసి విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి కాకినాడ దగ్గరి సామర్లకోటలో పనిచేశాడు. అక్కడే ప్రయోగాల తోట పెంచి మిరియం, నీలిమందు, కాఫీ లాంటివి ఈ నేలలో వస్తాయో లేదో చూశాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. 1787 నాటి తుపానులో ఆయన కాగితాలు, సేకరణలు చాలావరకు కొట్టుకుపోయాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా తోట బాధ్యత తీసుకున్నాడు. ఆ తోటను 1787లో రాబర్ట్ కిడ్ ప్రారంభించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద రాక్స్‌బర్గ్ గ్రంథం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వచ్చింది. ఆ మొక్కలకు ఆయన నమోదు చేసిన దేశవాళీ పేర్లలో తెలుగు పేర్లు ఎన్నో ఉన్నాయి. మోదుగకు నేటికీ ప్రపంచం వాడే బ్యూటియా అన్న ప్రజాతి నామం ఆయన పెట్టినదే. కంపెనీ దృష్టి లాభం మీద ఉంది, నిజమే. కానీ ఆ నమోదు లేకపోతే రెండు శతాబ్దాల కిందట ఏ మొక్క ఎక్కడ ఉండేదో చెప్పడానికి ఇవాళ ఆధారం ఉండేది కాదు.

కొత్తగూడ తోటలో మందుమొక్కలు, కలప చెట్లు, పండ్ల చెట్లు, వెదుళ్లు, నీటి మొక్కలు, పూలమొక్కలు వేరువేరు వనాలుగా ఉన్నాయి. అడవిలో వందల ఎకరాలు తిరిగితే గాని కనిపించని తేడాలు ఇక్కడ పక్కపక్కనే తెలుస్తాయి. నల్లమద్ది బెరడుకు, తెల్లమద్ది బెరడుకు తేడా పుస్తకంలో చదివినవారు కూడా చేత్తో తాకాకే నమ్ముతారు. ఒక జాతి అడవిలో తగ్గిపోతే దాని పిలకను, గింజను తెచ్చి పెంచి తిరిగి నాటేందుకు నారు కూడా తోటే ఇవ్వాలి. ఇది ఎక్స్ సిటు కన్సర్వేషన్, అంటే చోటు మార్చి చేసే రక్షణ.

దీని పరిమితి కూడా స్పష్టమే. తోటలో ఒక జాతికి ఒకటో రెండో చెట్లు ఉంటాయి. అడవిలో ఆ జాతికి ఉండే వేల తీర్ల వైవిధ్యం ఆ రెండింటిలో ఇమడదు. నీళ్లు పెట్టి, కలుపు తీసి పెంచిన చెట్టు కరువును తట్టుకునే పరీక్ష రాయదు. తోటలో పుట్టిన తరాలు తోటకే అలవాటు పడతాయి. ఇక పలక తుప్పుపట్టి, చిట్టా పోయిన తోట సంగతి చెప్పనక్కరలేదు. అది మామూలు పార్కే, నడకకు బాగుంటుంది.

తోటలకూ అందని మొక్కలు కొన్ని ఉన్నాయి. బతుకమ్మకు పేర్చే తంగేడు, గునుగు పూలు రిజర్వు ఫారెస్టు నుంచి వచ్చేవి కావు. అవి బీళ్లలో, పొలం గట్ల మీద, చెరువు అలుగు పక్కన పెరుగుతాయి. పటాన్‌చెరు, సంగారెడ్డి మధ్య బీళ్లు ప్లాట్లుగా, గోదాములుగా మారిన కొద్దీ ఈ మొక్కలు వెనక్కి తగ్గుతున్నాయి. బీడును పనికిరాని భూమిగా రాసే అలవాటున్నంత కాలం దాన్ని కాపాడే చట్టం రాదు.

ఎండిన గింజ, ఆగిన గడియారం

పటాన్‌చెరు దాటుతుండగా కంచె వెనక పచ్చని పొలాలు కనిపిస్తాయి. అది ఇక్రిశాట్. మెట్ట పంటల కోసం 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పరిశోధన సంస్థ. సుమారు 1,400 హెక్టార్ల ఆ ఆవరణలో నల్లరేగడి, ఎర్రచెల్క రెండూ ఉన్నాయి. ఈ చోటును ఎంచుకోవడానికి అది ఒక ముఖ్య కారణం. దాని జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగతో పాటు రాగి, కొర్ర, సామ, అరికె, వరిగ, ఊద గింజల నమూనాలు 1,20,000 పైచిలుకు ఉన్నాయి. అవి 144 దేశాల నుంచి వచ్చినవి. అన్ని రకాలనూ పొలంలో పెంచాలంటే ఎన్ని వేల ఎకరాలు కావాలో. అక్కడవి కొన్ని గదుల్లో సరిపోతున్నాయి.

ఎలా సాధ్యమో వడియాలు పెట్టే ఇంట్లో అందరికీ తెలుసు. రుబ్బిన పిండి గిన్నెలో ఉంటే మర్నాటికి పులుస్తుంది. అదే పిండిని వడియాలుగా పెట్టి గలగలలాడేదాకా ఎండిస్తే డబ్బాలో ఏడాది ఉంటుంది. పిండి అదే, పోయింది నీరు. నీరు ఉన్నచోటే సూక్ష్మజీవి పెరుగుతుంది, రసాయన చర్య సాగుతుంది. జొన్నగింజ కూడా అంతే. కంకి మీద ముదిరే రోజుల్లో అది తనంత తాను ఎండుతుంది. లోపలి కణరసం చక్కెరల సాయంతో చిక్కబడి గాజులా బిగుసుకుంటుంది. అందులో అణువులు కదలలేవు. పాడయ్యే పనులు కూడా దాదాపు ఆగిపోతాయి. గింజ మాత్రం చావదు. మళ్లీ తడి తగిలితే పని అందుకుంటుంది.

జేమ్స్ హారింగ్టన్ అనే అమెరికన్ విత్తన శాస్త్రజ్ఞుడు దీనికి ఒక సులువైన లెక్క చెప్పాడు. గింజలో తేమ ఒక శాతం తగ్గిన ప్రతిసారీ దాని ఆయుష్షు రెట్టింపవుతుంది. నిల్వ వేడి 5 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ మళ్లీ రెట్టింపవుతుంది. 12 శాతం తేమతో 30 డిగ్రీల గదిలో ఉన్న గింజను 7 శాతానికి ఎండబెట్టి 5 డిగ్రీలకు చల్లబరిస్తే, తేమ వల్ల 32 రెట్లు, చలి వల్ల 32 రెట్లు, కలిపితే 1,024 రెట్లు. పంటను బట్టి ఈ లెక్క తప్పుతుంది, మరీ తక్కువ తేమ దగ్గర అసలు పనిచేయదు. అయినా దిశ మాత్రం సరైనది. ఇక్రిశాట్‌లో తరచు వాడే గింజలను 4 డిగ్రీల గదిలో ఉంచుతారు. దీర్ఘకాలం దాచేవాటిని గాలి తీసేసిన అల్యూమినియం పొట్లాల్లో మైనస్ 20 డిగ్రీల వద్ద పెడతారు.

పెట్టి మరిచిపోతే కుదరదు. కొన్నేళ్లకొకసారి కొన్ని గింజలు తీసి మొలకెత్తించి చూడాలి. మొలక శాతం 85 కన్నా దిగితే ఆ రకాన్ని పొలంలో వేసి కొత్త గింజ తీయాలి. వానలు వెనక్కి తగ్గాక, పొడి వాతావరణంలో ఈ పంట వేస్తారు, గింజ నాణ్యంగా వస్తుంది. ఒక రకం పుప్పొడి మరో రకం మీద పడకుండా చూడడం అసలు కష్టం. జొన్న కంకులకు కాగితం సంచులు తొడుగుతారు. కందిని తేనెటీగలు చేరకుండా వలల కింద పెంచుతారు. ఒక్క తేనెటీగ దూరితే ఎక్కడో ఆఫ్రికా పల్లె నుంచి వచ్చిన రకం తన గుణం కోల్పోతుంది. ఇంత జాగ్రత్తకు ఫలితం ఉంది. ఇథియోపియా, కెన్యా, కామెరూన్ లాంటి దేశాలు తమ పాత రకాలను ఇక్కడి నుంచే తిరిగి పొందాయి. ఈ నిధికి కూడా ప్రమాదం జరగవచ్చు కాబట్టి నకళ్లను నార్వే ఉత్తర కొసన 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ గింజల భాండాగారానికి పంపారు. ఆ జాగ్రత్త అతి కాదని 2015లో తేలింది. యుద్ధం వల్ల సిరియాలోని అలెప్పో జన్యునిధి అందకుండా పోయినప్పుడు, దాని నకళ్లను స్వాల్‌బార్డ్ నుంచే వెనక్కి తీసుకున్నారు.

ఇక్కడ అడవి మళ్లీ కథలోకి వస్తుంది. కందికి మూలపురుషుడిగా భావించే అడవి మొక్క కజానస్ కజానిఫోలియస్ ఒడిశా, బస్తర్ వైపు అడవుల్లో పెరుగుతుంది. దాన్ని సాగు కందితో కలిపి ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పుప్పొడి పనిచేయని కంది వంశాలను తయారు చేశారు. హైబ్రిడ్ విత్తనం తీయాలంటే తల్లి మొక్కకు సొంత పుప్పొడి ఉండకూడదు. ఆ గుణం సాగు కందిలో ఎంత వెతికినా సరిగా దొరకలేదు, అడవి చుట్టం ఇచ్చింది. 2010లో విడుదలైన ఐసీపీహెచ్ 2671 అనే హైబ్రిడ్ కంది ఆ దారిలో వచ్చినదే. చల్లని గదిలోని గింజకు సేకరించిన రోజు దగ్గరే గడియారం ఆగింది. ఆ తర్వాత వచ్చిన కొత్త తెగులు దానికి తెలియదు, పెరిగిన ఎండ తెలియదు. బయట అడవిలో ఉన్న చుట్టం మాత్రం వాటిని ఎదుర్కొంటూ మారుతూ ఉంది. గది ఎంత పెద్దదైనా అడవికి బదులు కాలేదు.

మామిడి టెంక ఎందుకు నిలవదు

గింజలన్నీ ఇలా ఎండి నిలిచేవే అయితే సంగారెడ్డి పండ్ల పరిశోధన స్థానంలో అన్ని మామిడి చెట్లను పెంచే అవసరమే ఉండేది కాదు. మామిడి టెంకను ఎండబెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. లోపలి జీడి ముడుచుకుపోయి నల్లబడుతుంది, ఇక మొలవదు. మామూలుగా ఉంచినా నెల తిరిగేసరికి చాలా టెంకలు చస్తాయి. చల్లని గదిలో పెడితే చలికే చస్తాయి.

దీనికి కారణం మామిడి పుట్టింటి వాతావరణం. ఈశాన్య భారతం, బర్మా సరిహద్దుల తడి అడవులు దాని మూలస్థానం. పండు రాలేది వానలు మొదలయ్యే వేళ. పడిన చోట నేల తడిగా, మెత్తగా ఉంటుంది. వెంటనే మొలిస్తే చాలు, నెలల తరబడి ఎదురుచూసే ఏర్పాటు అక్కరలేదు. అందుకే దాని గింజ ఎండడం నేర్చుకోలేదు. శాస్త్రజ్ఞులు వీటిని రికాల్సిట్రెంట్ గింజలు అంటారు, మొండి గింజలు అనవచ్చు. పనస, నేరేడు, కొబ్బరి ఈ కోవలోవే. వేప రెంటికీ మధ్యరకం. కొంత ఎండుతుంది గాని కొద్ది నెలలకే ప్రాణం పోతుంది. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద మొగ్గ కొనలను దాచే పద్ధతి కొన్ని పంటలకు కుదిరింది. మామిడి విషయంలో అది ఇంకా రోజువారీ పద్ధతి కాలేదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. టెంక మొలిచినా తల్లి రకం రాదు. బేనిషాన్ టెంక నాటితే వచ్చేది బేనిషాన్ కాదు, తల్లి గుణాలు, ఎక్కడి నుంచో వచ్చిన తండ్రి పుప్పొడి గుణాలు కలిసిన కొత్త చెట్టు. తరతరాలుగా రైతులు అంటు కడుతున్నది ఇందుకే. అంటే తెలుగు రాష్ట్రాల్లోని బేనిషాన్ చెట్లన్నీ జన్యుపరంగా ఒకే చెట్టు అనుకోవచ్చు. ఒకే చెట్టు కొమ్మలు లక్షల వేళ్ల మీద నిలబడ్డాయి. దానికి ఒక తెగులు తగిలే గుణం ఉంటే అన్నింటికీ ఉంటుంది. కాబట్టి వేరే వేరే రకాల చెట్లను ప్రాణాలతో ఒకచోట పెంచడమే మిగిలిన దారి. దాన్ని పొలంలోని జన్యునిధి అంటారు. సంగారెడ్డి స్థానంలో వందల మామిడి రకాలు అలా ఉన్నాయి.

అది నిల్వ తోట మాత్రమే అయితే ఇంత చెప్పనక్కరలేదు. రుమాని రకానికి నీలం పుప్పొడి ఇచ్చి అక్కడ తయారు చేసిన హైబ్రిడ్‌కు నది పేరే పెట్టారు, మంజీర. చాలా మామిళ్లు ఒక ఏడు విరగకాసి మరో ఏడు విశ్రాంతి తీసుకుంటాయి. నీలం ఏటా కాస్తుంది. ఆ గుణం మంజీరకు వచ్చింది, కండలో పీచు కూడా ఉండదు. రుమానిని మల్గోవాతో కలిపి తీసిన ఏయూ రుమాని కూడా హైబ్రిడే. రెండు రకాల చెట్లూ బతికి పూస్తేనే ఇలాంటి సంకరం సాధ్యం.

చెట్టు నిల్వకు ఉన్న ప్రమాదం చెట్టుకున్నదే. గాలివాన, చెద, నీటి కరువు, వీటన్నింటినీ మించి నగరం పెరిగే వేగం. గింజల గదిని మరోచోటికి మార్చవచ్చు. నలభై ఏళ్ల చెట్టును మార్చలేరు.

వాగులో మరో జన్యునిధి

ఈ ప్రాంతంలో ఎవరూ కోరుకోని నిధి కూడా ఒకటి తయారైంది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. శుద్ధి అయిన తర్వాతి నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని బ్యాక్టీరియాను చంపే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైన. ఆ నీరు అప్పట్లో ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసేది. తర్వాత దాన్ని గొట్టపు మార్గంలో అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు.

మందు ఉన్న నీటిలో బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. తట్టుకునే జన్యువు ఉన్న కొద్దిపాటిది మిగిలి పెరుగుతుంది. అడవిలో మొలకల మీద జరిగే వడపోతే ఇక్కడ గంటల మీద జరుగుతుంది. పైగా బ్యాక్టీరియాకు మరో సౌకర్యం ఉంది. అది తన సంతానానికే కాక పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా జన్యువులను అందించగలదు. 2011లో వెలువడిన మరో అధ్యయనం ఈ వాగుల అడుగు బురదలో ఇలాంటి నిరోధక జన్యువులను, వాటిని మోసుకెళ్లే జన్యు ముక్కలను పెద్ద మొత్తంలో గుర్తించింది. ఇక్రిశాట్ గదిలోని నిధికి తాళం, చిట్టా ఉన్నాయి. వాగు బురదలోని నిధికి అవి రెండూ లేవు, అది నీటితో పాటు ఎక్కడికైనా పోతుంది.

మంజీర ఒడ్డున

సంగారెడ్డి పక్కన కల్పగూరు దగ్గర మంజీర జలాశయం ఉంది. హైదరాబాదుకు 1965 నుంచి మంజీర తాగునీరు అందుతోంది. జలాశయం, దాని ఎగువ నది కలిపి సుమారు 20 చదరపు కిలోమీటర్ల మేర 1978లో అభయారణ్యం ఏర్పడింది. మగ్గర్ జాతి మొసలిని కాపాడడం ముఖ్య ఉద్దేశం. ఇక్కడ నీరే అడవి. నీటి మధ్య పుట్టిగడ్డ, బాపనగడ్డ, కర్ణంగడ్డ లాంటి చిన్న లంకలు, వాటి మీద తుమ్మ చెట్లు, ఒడ్డున జమ్ము. ఎర్రకాళ్ల కొంగలు ఆ చెట్ల మీద గూళ్లు కడతాయి. తల మీద నల్లపట్టీలున్న బాతులు హిమాలయాలు దాటి చలికాలానికి వస్తాయి.

మొసలిని పెంపక కేంద్రంలో పొదిగించవచ్చు. దేశంలో 1975 నుంచి ఆ పథకం నడిచింది, ఫలించింది కూడా. అయితే మగ్గర్ పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు పొదిగే వేడిని బట్టి తేలుతుంది. 31 డిగ్రీల లోపు ఆడపిల్లలు, 32.5 దగ్గర మగపిల్లలు. నది ఒడ్డున ఒక గూడు నీడలో, మరొకటి ఎండలో ఉంటుంది కాబట్టి రెండూ పుడతాయి. పెంపక కేంద్రంలో ఆ వేడిని ఎవరో ఒకరు నిర్ణయించాలి. చోటు మార్చి చేసే రక్షణలో ప్రతిదానికీ ఇలాంటి భారం మనిషి మీద పడుతుంది. కొత్తగూడలో ఏ మొక్కకు ఎన్ని నీళ్లు, ఇక్రిశాట్‌లో ఏ గింజకు ఎంత చలి, సంగారెడ్డిలో ఏ చెట్టుకు ఏ అంటు. అడవిలో ఆ నిర్ణయాలన్నీ ఉచితంగా జరిగిపోతాయి. నాలుగింటిలో ఒకదాన్నే ఎంచుకోవాల్సి వస్తే ముందు నిలబెట్టవలసినది అడవినే. మిగిలిన మూడింటికీ సరుకు అక్కడి నుంచే వచ్చింది.

చూడబోయేవారికి

మోదుగ పూత కోసం కొత్తగూడకు ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో ఉదయం వేళ వెళ్లాలి. మంజీరకు వలసపక్షులు ఉండే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. మామిడి రకాలు కాయల మీద చూడాలంటే మే నెల. ఇక్రిశాట్ ఆవరణలోకి ముందుగా అనుమతి తీసుకోవాలి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం నుంచి మొక్క గాని, గింజ గాని అనుమతి లేకుండా తేవడం నేరం. లోపలికి తీసుకెళ్లే గింజల గురించి కూడా ఆలోచించాలి. తినేసిన పండ్ల టెంకలు, బజారులో కొన్న విత్తన బంతులు పచ్చదనం పెంచుతాయన్న మంచి ఉద్దేశంతో చాలామంది అడవిలో విసురుతారు. సుబాబుల్, గ్లిరిసిడియా లాంటి పరాయి మొక్క ఒకటి అలా నాటుకుంటే, దాన్ని పీకడానికి అటవీ సిబ్బందికి ఏళ్లు పడుతుంది. టెంకను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, ఇంటి పెరట్లో నాటండి.